ఉప్పు ముట్టని రాజకుమారుడు

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఏడు సముద్రాలు ఉన్నాయి. వాటిలో ఏది ముందో ఏది వెనకో నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. నెయ్యి సముద్రాన్ని పెరుగు సముద్రానికి ముందు పెట్టానని పిల్లలు నవ్వకూడదు. సముద్రాలు తారుమారైనా రాజకుమారుడు అవతలి ఒడ్డుకి చేరతాడు. ఆ పూచీ నాది.

అనగనగా ఒక రాజు. ఆయన పేరు మణిధరుడు, ఆయన ఏలే రాజ్యం పేరు మిరియాలకోన. ఆ రోజుల్లో మన దేశంలో మిరపకాయ అన్న మాటే లేదు. కారం అంటే మిరియమే. ఆ కోనలో పనసచెట్టు కనిపిస్తే చాలు, దాని ఒంటి నిండా మిరియాల తీగ పాకి ఉండేది.

ఆ రాజ్యంలో ఒక కట్టు ఉండేది. ఎవరింట ఉప్పు తిన్నామో వాళ్లకి కీడు తలపెట్టకూడదు. తలపెట్టినా చెయ్యి లేవదు. కొలువులో చేరే ప్రతి సైనికుడికీ రాజుగారు తన చేత్తో చిటికెడు ఉప్పు ఇచ్చేవారు, ఇక వాడు చచ్చేదాకా రాజుగారి మనిషే. అత్తాకోడళ్లు గట్టిగా పోట్లాడుకోవాలనుకుంటే ముందు కొన్నాళ్లు ఉప్పు మానేసి చూసేవాళ్లు గాని, తిన్న ఉప్పు వదిలేది కాదు. కొత్త అల్లుడు మొదటి పూట చప్పిడి కూడు తిన్నాడంటే మామగారి గుండెల్లో రాయి పడేది.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేసరి, గద తిప్పితే గాలికి చెట్లు వంగేవి. నడిమివాడు గజకేసరి, అద్దం ముందు నుంచి కదిలేవాడు కాదు. చిన్నవాడు నందకేసరి. వాడు గదా తిప్పలేదు, అద్దమూ చూడలేదు. పుట్టినప్పటి నుంచి నాయనమ్మ కొంగు పట్టుకుని వంటింట్లో తిరిగాడు.

ఆ నాయనమ్మ రాజమాత మాణిక్యాంబ. ఆవిడ చేతి ఊరగాయ అంటే సామంతరాజులు యుద్ధాలు ఆపుకుని వచ్చేవారు. ముక్క ఏడాది గడిచినా మెత్తబడదు, రెండో ఏడు వచ్చినా రంగు తగ్గదు. కొలతలు ఏమిటని అడిగితే ఆవిడ తన చెయ్యి చూపించేది. ఎప్పుడు చాలుతుందో ఎలా తెలుస్తుందని అడిగితే, ఊట బొట్టు ఒకటి అరచేతిలో వేసుకుని నాకేది. నందుడు కూడా పక్కన కూర్చుని నాకేవాడు. చదువు చెప్పే గురువుగారు ఎంత కొట్టినా వాడికి అక్షరం వంటబట్టలేదు గాని ఆ నాకుడు మాత్రం బాగా వంటబట్టింది.

ఒకనాడు కోటకి మిరియాలు కొనే వర్తకుడొకడు వచ్చాడు. తెల్లటి మొహం, ఎర్రటి ముక్కు, మండుటెండలో ఒంటి నిండా బొచ్చు కోటు. రాజమాత జాలిపడి ఆకు వేసి అన్నం పెట్టబోయింది. వాడు అన్నం వద్దని, ఊరగాయ ముక్క ఒకటి తీసుకుని, ఉప్పూ ఊటా బట్టతో తుడిచేసి, నాలుకకి తగలకుండా వాసన చూశాడు. కోసి ఎన్నాళ్లయిందని అడిగాడు. రెండు కాపుల కిందటిదని ఆవిడ చెప్పింది. వాడు కళ్లు తేలవేసి, నాకు కావలసిన మనిషివి నువ్వే అన్నాడు. అంతలో సుడిగాలి లేచింది. గాలి తగ్గేసరికి వర్తకుడూ లేడు, రాజమాతా లేదు, ఆవిడ చేతిలోని గరిటా లేదు.

ఎర్రముక్కు వర్తకుడు నిజానికి ఏడు సముద్రాల అవతల మంచుదీవిని ఏలే మాంత్రికుడు, శీతకేతుడు. సంగతంతా చెప్పింది ఒక పెద్దబాతు. ఏటేటా చలికాలానికి మంచుదీవి నుంచి కోన చెరువుకి వచ్చే బాతుల గుంపుకి అది నాయకురాలు, పల్లకీ అంత ఉంటుంది. ఒకప్పుడు దాని రెక్క విరిగితే నందుడు పసుపు పెట్టి కట్టాడు. అందుకని ఆ ఇంటి మీద దానికి అభిమానం.

బాతు చెప్పిన ప్రకారం మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక చలికి తట్టుకోలేక ఏటికేడాది నీరసించిపోతోంది. మంచుదీవిలో సగం ఏడు మంచు, పచ్చటిది ఏదీ మొలవదు. అందుకని అక్కడివాళ్లు ప్రతిదాన్నీ నిలవ పెడతారు. చేపల్ని పీపాల్లో ఉప్పు పోసి ఊరేస్తారు. మాంసాన్ని పొగగూట్లో వేలాడదీస్తారు. పళ్లని తేనెలో ముంచుతారు. ఇన్ని నిలవ పెట్టగలిగిన దేశంలో ఒక్క చిలకని నిలవ పెట్టలేమా అని మాంత్రికుడికి తోచింది. చేతగాక, చేతనైన మనిషిని ఎత్తుకుపోయాడు. మంచు కరిగేలోగా చిలకని కలకాలం చెడకుండా నిలవ పెట్టకపోతే, ఆవిడని ఉప్పురాయి చేసి గుమ్మంలో నిలబెడతానన్నాడు.

రాజుగారు తల్లి కోసం చంటిపిల్లాడిలా ఏడ్చారు. రణకేసరి గద భుజాన వేసుకుని ఓడలెక్కాడు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఏం జరిగిందంటే, పాపం, ఆకలితో మంచుదీవిలో దిగాడు, గుమ్మంలో ఎవరో ఎండుచేప పెట్టారు, తినేశాడు. తిన్నాక గద ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఉప్పు తిన్నాడు కదా. ఆ దీవిలో ఎండుచేప రాయిలా ఉంటుంది, సుత్తితో పొద్దస్తమానం బాదితే గాని ఉడకదు. మాంత్రికుడు వాడి భుజాలు చూసి సంబరపడి చేపలు బాదే పనిలో పెట్టాడు.

ఈ సంగతి బాతు చెప్పగా విని గజకేసరి జాగ్రత్తపడ్డాడు. చేప ముట్టను, రొట్టె మీద వెన్న మాత్రం తింటానని శపథం చేసి వెళ్లాడు. ఆ దేశంలో వెన్నని కూడా ఉప్పు వేసే నిలవ పెడతారని వాడికి ఎవరు చెబుతారు. వాడిని పొగగూట్లో మాంసం తిరగేసే పనిలో పెట్టారు. అందగాడు ఇప్పుడు పళ్లు తప్ప ఏమీ కనిపించకుండా ఉన్నాడని బాతు చెప్పింది.

అప్పుడు నందుడు బయలుదేరాడు. వద్దని రాజుగారు చెయ్యి పట్టుకున్నారు. వాడు వంటింట్లోకి వెళ్లి అటక మీద నుంచి చిన్న జాడీ ఒకటి దింపి ఉత్తరీయంలో కట్టుకున్నాడు. నిమ్మరసంలో ఉప్పు వేసి ఊరబెట్టిన పచ్చిమిరియాల గుత్తులవి. నాయనమ్మ చేత్తో పెట్టిన ఆఖరి జాడీ. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి వాసన చూస్తే నాయనమ్మ పక్కన ఉన్నట్టే ఉంటుంది. దాన్ని తినడానికి కాదు తీసుకెళ్లింది, ఆ వాసన కోసం. మళ్లీ గట్టిగా వాసెన కట్టి బాతు మీద ఎక్కాడు.

మొదటిది ఉప్పు సముద్రం. అది దాటేదాకా నందుడు నోరు తెరవలేదు. ఒక్క తుంపర లోపలికి పోయినా ఆ ఉప్పు ఎవరిదో, దాని బాధ్యత ఏమిటో తెలియదు. రెండోది చెరుకురసం సముద్రం. అందులో చీమలు గుంపులు గుంపులుగా కొట్టుకుపోతున్నాయి. తీపి కోసం దిగి ఒడ్డు మరిచిపోయాయి. నందుడు బాతు ఈక ఒకటి తెప్పలా వేసి వాటిని పైకి లాగి, ఉత్తరీయం మడతలో కూర్చోబెట్టుకున్నాడు. చీమల రాణి ఒళ్లు నాకుకుంటూ, నీ రుణం ఉంచుకోము నాయనా అంది. మూడోది కల్లు సముద్రం. దాని వాసనకే బాతు వంకర్లు పోయింది, పాటలు కూడా పాడింది. నాలుగోది నెయ్యి సముద్రం, పేరుకుపోయి ఉంటే దాని మీద నడిచి వెళ్లారు. ఐదోదో ఆరోదో పెరుగు, పాలు. అక్కడ నందుడు కుండలు నింపుకున్నాడు. ఉప్పు లేకుండా బతకాలంటే ఇంతకంటే ఏం కావాలి. ఏడోది మంచినీళ్ల సముద్రం. ఒంటికి అంటుకున్న చెరుకురసం, నెయ్యి, పెరుగు వదిలేదాకా ఇద్దరూ అందులో స్నానం చేశారు.

మంచుదీవి కోట గుమ్మంలో ఒక అమ్మాయి పళ్లెం పట్టుకుని ఎదురైంది. ఆమె పేరు తుహిన, మాంత్రికుడి మేనకోడలు. ఆమె నడుముకి మూడు తాళంచెవులు వేలాడుతున్నాయి. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క ఉన్న పెట్టెవి అవి. ఆ దేశంలో బంగారాన్ని బల్ల మీద వదిలేస్తారు గాని మిరియాన్ని వదలరు.

పళ్లెంలో రొట్టె, ఎండుచేప, వెన్న ఉన్నాయి. నందుడు చేతులు జోడించి, ఉప్పు తిననని నాకు నియమం ఉంది, ఉప్పు లేనిది ఏదైనా పెట్టండి అన్నాడు.

తుహిన పళ్లెం వంక చూసింది. "ఈ దేశంలో ఉప్పు వెయ్యనిది మంచు ఒక్కటే. పెట్టమంటారా?" అంది.

"వేడిగా ఉంటే పెట్టండి," అన్నాడు నందుడు.

ఆమె నవ్వింది. ఆ గుమ్మంలో నిలబడి ఇంతమందికి ఎండుచేప పెట్టింది గాని, నవ్వింది అదే మొదలు.

భోజనాల బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి కనిపించనంత పొడుగు. నడిమధ్య ఓడ ఆకారంలో వెండి ఉప్పుగిన్నె. దానికి పైవైపు పెద్దలు కూర్చోవాలి, కిందివైపు చిన్నవాళ్లు. ఆ గిన్నెకి ఒక్క కుర్చీ దగ్గరగా జరగడం కోసం అక్కడి ప్రభువులు తరాలుగా కొట్టుకుంటున్నారు. నందుడు తనని అన్నిటికంటే ఆ చివర, వేటకుక్కల తరవాత కూర్చోబెట్టమని అడిగాడు. ఉప్పు అక్కడిదాకా రాదు కాబట్టి. ఇంత వినయం ఎప్పుడూ చూడలేదని సభ ఆశ్చర్యపోయింది. వాడు పెరుగు కుండ తీసి హాయిగా తిన్నాడు.

విందు మధ్యలో మూడు తాళాలూ తీశారు. మాంత్రికుడు లేచి తన చేత్తో మిరియాల పొడి వడ్డించాడు. కూరలో కూర కనిపించనంత చల్లాడు. అతిథులందరూ దగ్గారు, తుమ్మారు, కళ్లు తుడుచుకున్నారు. ఎవరు ఎక్కువ తుమ్మితే వాళ్లు అంత మర్యాద తెలిసినవాళ్లు. ఒక ముసలి ప్రభువు తుమ్మి తుమ్మి బల్ల కిందికి జారిపోతే అందరూ లేచి నిలబడి ఆయన్ని మెచ్చుకున్నారు.

అప్పుడు మాంత్రికుడు ఏటా చెప్పే కథ చెప్పాడు. మిరియాల అడవికి రెక్కల పాములు కాపలా ఉంటాయనీ, తాను మంత్రాలతో అడవికి నిప్పు పెట్టి వాటిని తరిమి మిరియం తెచ్చాననీ, ఆ మంటకే మిరియం నల్లబడిందనీ చెప్పాడు. అందరూ భయంతో వణికారు. ఆ చివర నుంచి నందుడు ఊరుకోలేక నోరు జారాడు. అయ్యా, మా పెరట్లో అది పనసచెట్టుకి పాకుతుంది, కోసి చాప మీద ఎండబెడితే నల్లబడుతుంది, కాపలాకి మా నాయనమ్మ కర్ర పట్టుకుని కూర్చుంటుంది, వచ్చేవి పాములు కావు, మేకలు అన్నాడు.

సభ గొల్లుమంది. రెక్కల పాముల్ని నమ్మినవాళ్లకి మేకల్ని నమ్మడం కష్టమైంది. మాంత్రికుడు మాత్రం నవ్వలేదు. వాడి ముక్కు ఇంకా ఎర్రబడింది. ఈ కుర్రవాడు ఎవరో వాడికి అర్థమైంది. చంపాలంటే తన దేశపు మర్యాద అడ్డం, బల్ల దగ్గర కూర్చున్న అతిథిని చంపకూడదు. అందుకని మూడు పనులు చెప్పాడు. మూడూ చేస్తే ముసలావిడని తీసుకుపోవచ్చు, ఒక్కటి తప్పినా ఇద్దరూ గుమ్మానికి చెరో పక్క ఉప్పురాళ్లు.

మొదటి పని, బండెడు మిరియాల్లో బండెడు ఎర్ర ఆవాలు కలిపి, మధ్యాహ్న భోజనం వేళకి వేరు చెయ్యమన్నాడు. నందుడు ఉత్తరీయం మడత విప్పాడు. చీమల రాణి తన సేనని దింపింది. పని చకచకా సాగింది గాని, మిరియం మోసిన ప్రతి చీమా తుమ్మింది. తుమ్మినప్పుడల్లా బొంగరంలా తిరిగి మిరియాన్ని మళ్లీ ఆవాల్లో పడేసింది. చివరికి తుహిన తన చేతిరుమాలు చింపి చీమలకి ముక్కుగుడ్డలు కట్టింది. భోజనం గంట కొట్టేసరికి ఇటు నల్ల గుట్ట, అటు ఎర్ర గుట్ట.

రెండో పని, ఏడాది కిందట ఉప్పులో వేసిన పీపాడు చేపల్ని, తిన్నవాడెవడూ మంచినీళ్లు అడగకుండా వండమన్నాడు. నందుడు పీపా మూత తీస్తే ఉప్పు మేటలు వేసి ఉంది. వాడు మంచు కరిగించి చేపల్ని అందులో నానేశాడు. ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానేశాడు. తరవాత పాల సముద్రపు పాలల్లో నానేశాడు. నెయ్యి కాచి మిరియం చిదిమి వేశాడు, గుప్పిళ్లతో కాదు, వేళ్ల చివరలతో. కమ్మటి వాసన లేచింది. పులుసు సలసల మరుగుతుంటే, అలవాటు చొప్పున బొట్టు ఒకటి అరచేతిలో వేసుకుని నాలుక చాచాడు.

తుహిన ఒక్క ఉరుకున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

నాయనమ్మని పోగొట్టుకోవడానికి ఒక్క బొట్టు చాలు, ఆ బొట్టు నాలుకకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. తుహిన వాడి అరచేతిని శుభ్రంగా తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు.

"రుచి నేను చూస్తాను, మీరు నా మొహం చూసి వండండి," అంది.

అలాగే వండాడు. ఆమె కనుబొమలు ముడిపడితే పాలు పోశాడు, విచ్చుకుంటే మంట తగ్గించాడు. ఆ విందులో ఎవరూ మంచినీళ్లు అడగలేదు, ఎవరూ తుమ్మలేదు కూడా. ఆ ముసలి ప్రభువు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఇన్నేళ్లకి చేప రుచి తెలిసిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

రెండు పనులూ అయ్యాక మాంత్రికుడు నందుణ్ణి నాయనమ్మ దగ్గరకి పంపించాడు. పంపిస్తూ అదో రకంగా నవ్వాడు.

నందుడు చెరసాల వెతుక్కుంటూ వెళ్లాడు. నాయనమ్మ చెరసాలలో లేదు. కోటంత వంటింట్లో ఎత్తుపీట మీద కూర్చుని, గరిటె ఊపుతూ మంచుదీవి వంటవాళ్లందర్నీ చెరిగేస్తోంది. ఒక మూల పెద్దన్న చేపలు బాదుతున్నాడు, ఇంకో మూల నల్లగా ఒకటి కదులుతోంది, అది నడిమన్న. నందుడు పరుగున వెళ్లి కాళ్లు చుట్టుకున్నాడు. ఆవిడ వాడి తల నిమిరి, చిక్కిపోయావు నాన్నా అని, తరవాత వాడి చెయ్యి వదిలించుకుంది.

"నేను రాలేనురా, నందా."

వాడికి అర్థం కాలేదు. బాతు సిద్ధంగా ఉంది, ఇంకొక్క పని మిగిలింది, అది కూడా చేసేస్తాను అన్నాడు.

ఆవిడ తలవంచుకుని చెప్పింది. వచ్చిన కొత్తలో పచ్చి మంచినీళ్లతో గడిపిందట. ఈ వంటింట్లో ఎవరో క్యాబేజీ ఊరేస్తూ కనిపించారు. చేతకానివాళ్లు ఊరేస్తుంటే చూస్తూ కూర్చోలేక లేచి వెళ్లింది. ఉప్పు సరిపోయిందో లేదోనని బొట్టు అరచేతిలో వేసుకుంది.

"నాకేశానురా. చూడకుండా ఎలా ఉండను? ఇన్నేళ్ల చెయ్యి. నాకాక గుర్తొచ్చింది ఎవరింట్లో ఉన్నానో. ఇక ఆ మాంత్రికుడబ్బాయికి కీడు చెయ్యలేను. వాడి ప్రాణం కాపాడతానని మాటిచ్చాను, కాపాడే దారి తెలియదు. చిలకని ఎవరైనా ఊరబెడతారా? నువ్వు వెళ్లిపో."

నందుడు బయటికి వచ్చాడు. ఏడు సముద్రాలు నోరు కట్టుకుని దాటింది ఈ మాట వినడానికా అనిపించింది. మాంత్రికుణ్ణి చంపితే నాయనమ్మ మాట పోతుంది. చంపకపోతే నాయనమ్మే పోతుంది. వరండాలో అప్పటికే చూరు మీది మంచు బొట్లుబొట్లుగా కారుతోంది.

మూడో పని చెప్పడానికి మాంత్రికుడు తనే వచ్చాడు. ఈసారి వాడి గొంతులో అహంకారం లేదు, భయం ఉంది. చిలక తిండి మానేసింది. దాని చేత ఒక్క ముద్ద తినిపించమన్నాడు.

చిలక పొయ్యి పక్కన పంజరంలో ఉంది. ఒంటికి ఉన్ని చొక్కా, తలకి ఉన్ని టోపీ. పచ్చరంగు వెలిసిపోయి ఎండుగడ్డిలా అయింది. ముందు తేనెలో ముంచిన పళ్లు ఉన్నాయి, ముట్టలేదు. నందుడు పలకరిస్తే అది దగ్గి, నువ్వు కూడా నన్ను నిలవ పెట్టడానికే వచ్చావా అంది. ఒక ఏడు పొగలో వేలాడదీశారనీ, ఒక ఏడు తేనెలో ముంచబోయారనీ, ఉప్పు ఒక్కటి మాత్రం భయపడి దగ్గరకి రానివ్వలేదనీ చెప్పింది.

"నీ ఊరేది?" అని అడిగాడు నందుడు.

"మరిచిపోయాను. పిల్లప్పుడు తెచ్చాడు. ఏదో వెచ్చగా ఉండేది. ఏదో వాసన వచ్చేది. ఎంత తలుచుకున్నా ఆ వాసన గుర్తు రావడం లేదు. అది గుర్తొచ్చేదాకా తినబుద్ధి కాదు."

నందుడు ఉత్తరీయం ముడి విప్పి జాడీ తీశాడు. వాసెన మీద చెయ్యి వేసి ఆగాడు. ఇందులో ఉన్నది నాయనమ్మ. ఆవిడ తిరిగి రాకపోతే తనకి మిగిలేది ఈ వాసన ఒక్కటే. పంజరంలోని పక్షి వణుకుతోంది. వాడు వాసెన విప్పేశాడు.

చిలక తల ఎత్తింది. టోపీ జారిపోయింది. "పనసచెట్టు," అంది. కాసేపాగి, "తీగ. చాప మీద ఎండ. కర్ర పట్టుకుని ఒకావిడ," అంది. ఊచల మధ్య నుంచి మెడ చాపి ఒక గుత్తి లాక్కుని తినేసింది. ఇంకోటి తింది. నిమ్మరసం చొక్కా మీద కారుతుండగా జాడీ అడుగు కనిపించేదాకా తింది.

మాంత్రికుడి మొహంలోకి రక్తం వచ్చింది. ప్రాణం కుదుటపడగానే వాడి బుద్ధి కూడా పాతదారి పట్టింది. పని అయింది సరే, ముసలావిడని పంపితే వచ్చే చలికాలానికి నా గతి ఏమిటి, మీరందరూ ఇక్కడే రాళ్లై ఉండండి అని మంత్రదండం ఎత్తబోయాడు.

చెయ్యి లేవలేదు.

ఎడమ చేతికి మార్చుకున్నాడు. అదీ లేవలేదు. మంత్రం చదవబోతే ఆవలింత వచ్చింది.

"ఎందుకు కష్టపడతావు," అంది చిలక, ముక్కు తుడుచుకుంటూ. "నేను మిరియాలకోన ఉప్పు తిన్నాను. నీ ప్రాణం నేనే కదా. ఆ ఇంటివాళ్ల మీదికి నీ చెయ్యి ఎలా లేస్తుంది?"

చేపలు బాదే సుత్తి ఆగిపోయింది. మాంత్రికుడు కుర్చీలో కూలబడ్డాడు. తుహిన వెళ్లి వంటింట్లోంచి నాయనమ్మని తీసుకొచ్చింది. ఆవిడ ఖాళీ జాడీని చూసింది, చిలకని చూసింది, దాని మీది ఉన్ని చొక్కాని చూసి పెదవి విరిచింది.

"వాడి ఉప్పు నేను తిన్నాను, మా ఉప్పు వాడు తిన్నాడు. ఇక ఒకరినొకరు ఏం చేసుకుంటాం," అంది. తరవాత మాంత్రికుడి పక్కన పీట వేసుకుని కూర్చుంది. "చూడు అబ్బాయ్. నిలవ పెట్టడమంటే ఊరెయ్యడం ఒకటే కాదు. ఏ వస్తువు ఎక్కడ పెడితే చెడదో అక్కడ పెట్టడం. ఊరగాయని నీడలో పెడతాం, అప్పడాన్ని ఎండలో పెడతాం. ఇది ఎండలో పెట్టాల్సిన సరుకు. నువ్వు మంచులో పెట్టి, చెడిపోతోందని నన్ను ఎత్తుకొచ్చావు. నాకీ ముక్క ముందే తోచాల్సింది. దాన్ని తేనెలో ముంచబోయారని వినేసరికి బుర్ర పనిచెయ్యలేదు."

నా ప్రాణం ఏడు సముద్రాల అవతల, పరాయివాళ్ల పెరట్లోనా అని మాంత్రికుడు గొణిగాడు.

"కర్ర పట్టుకుని నేను కూర్చుంటాను కదా," అంది నాయనమ్మ.

మాంత్రికుడు ఎంత ఆలోచించినా ఇంతకంటే మంచి కాపలా తోచలేదు. ఒప్పుకున్నాడు. రణకేసరినీ గజకేసరినీ విడిచిపెట్టాడు. రణకేసరి ఆ సుత్తికి అలవాటుపడి, గద అక్కడే వదిలేసి సుత్తి ఇంటికి తెచ్చుకున్నాడు. గజకేసరిని మంచినీళ్ల సముద్రంలో ముంచి ఎంత తోమినా పొగ వాసన పోలేదు, పెళ్లిచూపులకి వెళితే ఆడపిల్లవాళ్లకి ఆకలి వేసేదట.

చిలకని ఎవరు మోసుకుపోవాలని ప్రశ్న వస్తే, తుహిన మూడు తాళంచెవులూ తీసి మేనమామ ఒళ్లో పెట్టి, నేను అంది. మేకల్ని చూడాలని ఉందని కారణం చెప్పింది. మాంత్రికుడు నందుణ్ణి ఎగాదిగా చూసి, ఇంతకంటే తక్కువ తినే అల్లుడు దొరకడని కన్యాదానానికి సిద్ధమయ్యాడు.

పెళ్లి మిరియాలకోనలో జరిగింది. మాంత్రికుడు బొచ్చు కోటుతోనే వచ్చి చెమటలో తడిసిపోయాడు. భోజనాలకి అందరూ కూర్చున్నారు. ఇల్లు వదిలిన నాటి నుంచి నందుడి నాలుక మీద ఉప్పు పడలేదు. తుహిన పప్పుచారులో ఉప్పు కలిపి, బొట్టు ఒకటి తన అరచేతిలో వేసుకుని, ఆ చెయ్యి వాడి ముందుకి చాపింది. ఎవరింటి ఉప్పు, ఎవరికి కట్టుబాటు అన్నది ఇక అడగనక్కరలేదు. వాడు నాకాడు. కళ్లు మూసుకున్నాడు.

"చాలిందా?" అంది తుహిన.

"ఇంకొంచెం," అన్నాడు నందుడు.

రాజుగారు ముసలివారై చిన్నకొడుక్కి పట్టం కట్టారు. నందకేసరి, తుహిన చాలాకాలం రాజ్యం చేశారు. వాళ్ల ఏలుబడిలో ఎవరి కూరా చప్పబడలేదు, ఎవరి కూరా ఎక్కువ కాలేదు. చిలక పనసచెట్టు మీద మళ్లీ చిగురాకులా పచ్చబడింది. మాంత్రికుడు ప్రతి చలికాలం బాతుల గుంపుతో పాటు తన ప్రాణాన్ని చూసుకోవడానికి వచ్చేవాడు. వచ్చినవాణ్ణి నాయనమ్మ ఊరికే కూర్చోనిచ్చేది కాదు, మేకల్ని తోలమని కర్ర చేతికిచ్చేది. తిరిగి వెళ్లి వాడు మంచుదీవిలో రెక్కల పాములకి ఇప్పుడు కొమ్ములు కూడా మొలిచాయని చెప్పుకునేవాడు.

ఇక్కడితో ఈ కథకి వాసెన కడుతున్నాను. తడి గరిటె పెట్టకుండా చెప్పుకుంటే చాలాకాలం నిలవుంటుంది. వెంకటరత్నం మరదలా, పిల్లల కోసం రాసిన ఈ కథ నువ్వూ నేనూ కలిసి విన్నదే కాబట్టి ఒకసారి చదివి పేర్లు సరిచూసి పెట్టు. మాంత్రికుడు శీతకేతుడా, హిమకేతుడా? నడిమివాడు గజకేసరేనా? నాయనమ్మ పేరు మాత్రం మార్చకు, అది మాణిక్యాంబే, అది నాకు బాగా గుర్తుంది.